అయ్యగారికి సెలవెప్పుడు?

ఆదివారం రాత్రి ఎనిమిది కావస్తోంది. నెక్కొండ చుట్టుపక్కల ఏ పల్లెలోనైనా చర్చిని ఆనుకుని ఉన్న రెండు గదుల ఇంటి ముందు నిలబడితే ఇలాంటి మాటలు చెవిన పడతాయి.

“అమ్మగారూ, అయ్యగారున్నరా?”

“ఇప్పుడే ఒరిగిండ్రు పెద్దయ్యా. పొద్దుగాల నాలుగింటికి లేచిన మనిషి.”

“ఒక్కసారి లేపుండ్రి. మా మనుమనికి జ్వరం దిగుతలేదు. వచ్చి ప్రార్థన చేస్తే పిల్లగాని తల్లికి ధైర్యముంటది.”

అమ్మగారు గడపలో ఆగిపోతారు. లేపకపోతే మాట పడాలి. లేపుదామంటే ఆయన ముఖం చూస్తే మనసొప్పదు. ఈలోగా లోపల మంచం కిర్రుమంటుంది. అయ్యగారు అంతా విననే విన్నారు. చొక్కా తొడుక్కుని, బైబిలు చంకలో పెట్టుకుని, బండి తాళం కోసం వెతుకుతున్నారు.

ఈ దృశ్యం ఊహించి రాసిందే. అయినా పల్లె చర్చిల సంగతి తెలిసినవాళ్లకు ఇందులో కొత్తేమీ కనిపించదు. ఆ ఆదివారం తెల్లవారుజామున ఆయన ఒంటరిగా ప్రార్థన చేసుకున్నారు. పొద్దున సొంత ఊళ్లో ఆరాధన, మధ్యాహ్నం పక్క ఊళ్లో ఇంకో ఆరాధన నడిపించారు. తర్వాత ఒక ఇంట్లో పసిబిడ్డకు పేరు పెట్టారు. సాయంత్రం యవ్వనస్తుల కూటం పెట్టారు. మధ్యలో ఇద్దరు అన్నదమ్ముల గెట్టు పంచాయితీ కూడా ఆయన దగ్గరికే వచ్చింది. సోమవారం నుంచి ఆస్పత్రి పరామర్శలు, బుధవారం గృహకూటం, శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటాయి. చావు ఏ రోజు వస్తుందో చెప్పలేం గనక భూస్థాపనకు వేళాపాళా ఉండదు. విశ్రాంతి దినం ఎందుకు పాటించాలో సంఘానికి వివరించే మనిషికి ఆ రోజే అన్నిటికన్నా ఎక్కువ పని.

మరి ఆయనకు సెలవెప్పుడు? ప్రపంచంలో చాలా సంఘాలు ఈ ప్రశ్నకు జవాబును నియమావళిలోనే రాసుకున్నాయి. దాన్ని ఇంగ్లిషువాళ్లు సబ్బాటికల్ అంటారు. కొన్నేళ్లు వరసగా సేవ చేసిన పాస్టరును కొన్ని వారాలో నెలలో బాధ్యతల నుంచి పూర్తిగా తప్పించి, జీతం ఆపకుండా, విశ్రాంతికీ ఆత్మీయంగా తిరిగి పుంజుకోవడానికీ పంపడం దాని సారం. మన దగ్గర ఆ మాట ఇంకా కొత్త. అందుకే కొంచెం నిదానంగా విప్పి చూద్దాం.

ఏది సబ్బాటికల్, ఏది కాదు

పెళ్లికి వెళ్లి రెండు రోజులు ఉండి రావడం మామూలు సెలవు. మూడు రోజులు ఎక్కడికైనా వెళ్లి మౌనంగా ప్రార్థనలో గడపడాన్ని రిట్రీట్ అంటారు. జబ్బు చేసి మంచమెక్కితే అది వైద్య సెలవు. పై చదువుకు కాలేజీకి వెళ్తే అది చదువు. సబ్బాటికల్‌లో వీటన్నిటి పోలికా కొంత ఉంటుంది గానీ దాని లెక్క వేరు. మనిషి పడిపోకముందే ఇచ్చే సెలవు అది. ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో ముందే తెలుస్తుంది. ఆ రోజుల్లో ప్రసంగం, పరామర్శ, కమిటీ ఏవీ ఆయన మీద ఉండవు. ముగిశాక మళ్లీ అదే సంఘానికి, అదే పనికి తిరిగి వస్తారు. తిరిగి రావడం ఇందులో ముఖ్యం. అందుకే దీన్ని రాజీనామాకు ముందు మెట్టుగా అనుమానించనక్కర్లేదు.

ఈ మాట ముందు ప్రచారంలోకి వచ్చింది విశ్వవిద్యాలయాల ద్వారా. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1880లో తమ ఆచార్యులకు ఏడో ఏట సెలవు పద్ధతి పెట్టింది. తర్వాత అది మిగతా కాలేజీలకూ చర్చిలకూ పాకింది. కానీ ఏడో ఏడు అన్న లెక్క హార్వర్డ్‌ది కాదు. బైబిలు పాత నిబంధనలో అది చేను గురించి పెట్టిన చట్టం.

పడావు పెట్టిన చేను

లేవీయకాండం 25వ అధ్యాయం చెప్పేది ఇది: ఆరేళ్లు విత్తుకోవచ్చు, కోసుకోవచ్చు. ఏడో ఏడు నేలకు విశ్రాంతి ఇవ్వాలి. ఆ ఏడు దానంతట అది మొలిచింది యజమానికి, పనివాళ్లకు, పరదేశికి, పశువులకు అందరికీ తిండి. ఇలాంటి ఏళ్లు ఏడుసార్లు గడిచాక యాభయ్యో ఏడు వస్తుంది. దాన్నే తెలుగు బైబిలు సునాద సంవత్సరం అంటుంది.

నెక్కొండ రైతుకు దీన్ని వివరించడానికి పండితుడు అవసరం లేదు. ఎరువుల బస్తాలు ఇంతగా రాకముందు మన చెలకల్లో ఇదే పద్ధతి ఉండేది. సారం తగ్గిన చేనును ఒక ఏడు పడావు పెట్టేవాళ్లు. పడావు అంటే వదిలేసినట్టు కాదు. గొర్లకాపరులను పిలిచి రాత్రిళ్లు ఆ చేనులో మంద పెట్టించేవాళ్లు. తడికలు కట్టి, వందల గొర్లను ఒక మూల పండుకోబెట్టి, మర్నాడు ఇంకో మూలకు జరిపేవాళ్లు. నాలుగు రాత్రులు గడిచేసరికి చేనంతా గొర్ల ఎరువు పరుచుకునేది. అందుకు కాపరికి గింజలో పైసలో ఇచ్చేవాళ్లు. పైకి ఖాళీగా కనిపించే ఆ చేనుకు అది తినే కాలం. ఇన్నాళ్లూ పంట ఇచ్చిన నేల ఆ కొద్దిరోజులు పుచ్చుకుంటుంది.

లేవీయకాండంలోని ఆ అధ్యాయంలో ఇంకో విశేషం ఉంది. జనం అడగబోయే ప్రశ్నను అదే ముందుగా రాసిపెట్టింది: విత్తకపోతే ఏడో ఏట ఏం తినాలి? జవాబు కూడా అక్కడే ఉంది. ఆరో ఏటి పంట తర్వాతి ఏళ్లకు సరిపోయేలా ఉంటుందని భరోసా ఇచ్చింది. అంటే విశ్రాంతి ఆకాశం నుంచి ఊడిపడదు, ముందు ఏడే దాని ఏర్పాటు జరిగిపోవాలి. ఈ రోజు పాస్టరు సెలవు మాటెత్తితే సంఘ పెద్దలు మొదట అడిగేదీ అదే: “అయ్యగారు లేకపోతే మనకెట్ల?” ఈ ప్రశ్న అడగడంలో తప్పు లేదు. ఆరో ఏడే అడిగి ఉంటే ఇంకా బాగుండేది.

రెండో దినవృత్తాంతముల చివరి అధ్యాయంలో ఒక కఠినమైన మాట కూడా ఉంది. జనం బబులోనుకు చెరగా పోయిన కాలంలో, డెబ్భై ఏళ్ల పాటు, నేల తాను పోగొట్టుకున్న విశ్రాంతిని అనుభవించిందట. మనం ఇవ్వని సెలవును నేల లాక్కుంది. మనిషి ఒళ్లూ అంతే. ఇంట్లో ఇవ్వని విశ్రాంతిని ఒక్కోసారి ఆస్పత్రి మంచం మీద వసూలు చేసుకుంటుంది.

ఈ అలసట ఎలాంటిది

పాస్టరు బరువులు మోయడు, ఎండలో నాగలి పట్టడు, ఆయనకు అలసటేమిటని కొందరికి అనిపిస్తుంది. హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1974లో ఈ రకం అలసట గురించి రాస్తూ బర్నవుట్ అనే మాటను వాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణలో దీనికి చోటిచ్చింది. అయితే దీన్ని జబ్బుల జాబితాలో చేర్చకుండా, పని వల్ల పుట్టే స్థితిగా మాత్రమే గుర్తించింది. దానికి మూడు లక్షణాలు చెప్పింది: ఒంట్లో శక్తి మొత్తం తోడేసినట్టు అనిపించడం, చేసే పని మీద మనసు విరిగిపోవడం, ఎంత చేసినా ఏమీ సాధించడం లేదనిపించడం.

ఈ మూడింటినీ పల్లె పాస్టరు జీవితంలో పెట్టి చూడండి. మొదటిది అర్థమవుతూనే ఉంది. రెండోది ప్రమాదకరం. ప్రార్థన ఆయన ప్రాణం, అదే ఆయన వృత్తి కూడా. ఇతరుల కోసం రోజుకు పదిసార్లు కళ్లు మూసుకునే మనిషి తన కోసం మూసుకోవడం మర్చిపోతాడు. బైబిలు తెరిస్తే వచ్చే ఆదివారం ప్రసంగం కనిపిస్తుంది గానీ తనకు చెప్పే మాట కనిపించదు. మూడోది లోపల కుళ్లబెడుతుంది. రైతు పత్తి తూకం వేసి చూసుకుంటాడు, మేస్త్రీ గోడ చూసుకుంటాడు. పాస్టరు పనికి తూకం రాయి లేదు. మూడేళ్లు బతిమాలి తాగుడు మాన్పించిన మనిషి ఒక పండగ రోజు మళ్లీ సీసా పట్టుకుంటే ఆ మూడేళ్లు ఏ లెక్కలో రాయాలి?

దీనికి తోడు, అందరి దుఃఖాన్నీ వినే మనిషి తన దుఃఖాన్ని ఎవరితో చెప్పుకోవాలి? సంఘంలో చెబితే విశ్వాసం తగ్గిందంటారు. పక్క ఊరి పాస్టరుతో చెబితే మాట బయటికి పొక్కుతుందని భయం. ఆర్థిక భద్రతా అంతంతే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాస్టర్లకు నెలకు రూ.5,000 గౌరవ వేతనం ప్రకటించినప్పుడు దానికోసం ఎందరో ఎదురుచూశారంటే చాలామంది రాబడి ఏ స్థాయిలో ఉందో ఊహించవచ్చు. కానుకల పెట్టె మీద నడిచే ఇంట్లో ఒక ఆదివారం లేకపోవడమంటే ఒక వారం కూరగాయలకు వెతుక్కోవడం.

ఇది మన ఒక్కళ్ల బాధ కాదు. అమెరికాలో బార్నా అనే సర్వే సంస్థ ప్రొటెస్టెంటు పాస్టర్లను పూర్తికాలపు సేవ వదిలేద్దామని గత ఏడాదిలో ఎప్పుడైనా అనుకున్నారా అని అడిగింది. 2021 జనవరిలో అవునన్నవాళ్లు 29 శాతం. కోవిడ్ కష్టాల తర్వాత 2022 మార్చిలో అడిగితే 42 శాతం. జీతం, ఇల్లు, బీమా ఉన్న చోట సంగతి ఇది.

బైబిలులో ఈ అలసటకు ముఖచిత్రం ఏలీయా ప్రవక్త. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఆయన గొప్ప విజయం సాధించిన మర్నాడే ప్రాణభయంతో ఎడారిలోకి పారిపోయి, చెట్టు కింద కూర్చుని చావు కోరుకుంటాడు. దేవుడు ఆయనకు ముందు ఉపదేశం చెయ్యలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి రొట్టె, నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. ఆ తర్వాత నలభై రోజుల నడక. ఆ తర్వాతే హోరేబు కొండ మీద మాటలు. చివరికి పనిలో తోడుగా, తన తర్వాత నిలబడేలా ఎలీషాను చూపించాడు. నిద్ర, తిండి, నడక, మాట, తోడు: సబ్బాటికల్ గురించి వచ్చిన పుస్తకాలన్నీ ఈ వరసకు కొత్తగా చేర్చింది తక్కువే.

దొరల ఫర్లో, మన బోధకులు

మన నేల మీద పాస్టరు సెలవు చరిత్ర ఆసక్తికరంగా ఉంటుంది. తెలుగు జిల్లాలకు వచ్చిన మిషనరీలకు ఫర్లో అనే ఏర్పాటు ఉండేది. కొన్నేళ్లు ఇక్కడ పనిచేశాక స్వదేశం వెళ్లి, ఆరోగ్యం చూసుకుని, అక్కడి సంఘాలకు పని గురించి చెప్పి, తిరిగి వచ్చేవాళ్లు. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హెయర్ అయ్యగారు ఆ దశాబ్దం మధ్యలో అమెరికా వెళ్లి, వైద్య పట్టా పుచ్చుకుని మళ్లీ వచ్చారు. నెల్లూరులో పనిచేసిన బాప్టిస్టు మిషనరీ లైమన్ జువెట్ 1862లో ఆరోగ్యం చెడి స్వదేశం వెళ్లారు. ఫలితాలు లేవని ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామన్న ఆలోచన అప్పుడు అక్కడ నడుస్తోంది. ఆయన పట్టుబట్టి దాన్ని నిలబెట్టారు. ఆ పట్టుదల ఫలితంగానే 1865లో జాన్ క్లౌ అనే మిషనరీ ఈ దేశానికి వచ్చారు. తర్వాత ఒంగోలు ప్రాంతంలో జరిగింది తెలుగు క్రైస్తవ చరిత్రలో పెద్ద అధ్యాయం. ఒక్క రోజు, 1878 జులై 3న, 2,222 మంది బాప్తిస్మం పొందారు. అలసిపోయిన మనిషి ఇంటికి వెళ్లిన ఆ మూడేళ్లు లేకపోతే ఈ కథే ఉండేది కాదేమో.

క్లౌ కూడా 1872లో సెలవు మీద వెళ్లి 1874లో వచ్చారు. ఆయన లేనప్పుడు ఒంగోలు బాధ్యతను కెనడా మిషనరీ జాన్ మెక్‌లారిన్ చూసుకున్నారు. పల్లెల్లో పనిని మోసింది మాత్రం యర్రగుంట్ల పేరయ్య వంటి తెలుగు బోధకులు. ఇక్కడే ఒక సంగతి గమనించాలి. దొర సెలవు తీసుకుంటే పని ఆగలేదు. ఎందుకంటే మోసే భుజాలు ఇంకా ఉన్నాయి. ఆ భుజాలకు మాత్రం ఫర్లో లేదు. ఓడ ఎక్కడానికి వాళ్లకు వేరే స్వదేశం లేదు, వాళ్ల ఊరే వాళ్ల పనిచోటు. మిషనరీల నుంచి మనం ఆరాధన క్రమం తీసుకున్నాం, పాటల బాణీలు తీసుకున్నాం, బడులు, ఆస్పత్రులు తీసుకున్నాం. వాళ్ల సెలవు పద్ధతిని మాత్రం ఓడతో పాటే పోనిచ్చాం.

నెక్కొండలో రైలెక్కితే కేసముద్రం, మహబూబాబాద్ దాటాక అదే లైన్లో డోర్నకల్ వస్తుంది. తమిళనాడు తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొంది డోర్నకల్ పీఠం చేపట్టారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఆయన పద్ధతిలో మనకు పనికొచ్చేది ఒకటి ఉంది. బాప్తిస్మం పొందిన ప్రతి మనిషీ, కూలి చేసుకునే స్త్రీ అయినా సరే, సువార్త పని తన మీద కూడా ఉందని నమ్మేలా చేశారు. 1935 నాటికి ఆ డయోసీసులో 250 మంది భారతీయ గురువులు ఉంటే పల్లె ఉపదేశకులు 2,000 మందికి పైగా ఉన్నారు. ఒక్కో గురువుకు ఎనిమిది మంది తోడన్నమాట. బడి చెప్పేది, సాయంత్రం ప్రార్థన నడిపేది, జబ్బు పడ్డవాళ్లను చూసేది ఆ ఉపదేశకులే. ఇప్పుడు చాలా పల్లె సంఘాల్లో ఆ ఎనిమిది మంది పనీ ఒక్క పాస్టరు, ఒక్క పాస్టరమ్మ మీద పడింది. మనకు తక్కువైంది సెలవు ఒక్కటేనా? ఆ సెలవును సాధ్యం చేసే చేతులు కూడా.

వేరే చోట్ల ఎలా రాసుకున్నారు

కథోలిక సంఘంలో 1983 నాటి చట్ట సంహిత విచారణ గురువుకు ఏడాదిలో గరిష్ఠంగా ఒక నెల సెలవు ఇస్తుంది. సాలీనా చేసే ఆత్మీయ ధ్యానం రోజులు ఆ నెలలో కలపరు. వారం మించి ఊళ్లో లేకపోతే బిషప్‌కు చెప్పి వెళ్లాలి, గురువు స్థానంలో ఎవరు చూసుకుంటారో ఏర్పాటుండాలి. సెలవు, ధ్యానం రెండూ వేరువేరని ఒక చట్టం గుర్తించడం చిన్న విషయం కాదు. ఇంగ్లండు చర్చిలో సుమారు ఏడు నుంచి పదేళ్లకోసారి మూడు నెలల సెలవు అడగవచ్చు. అమెరికాలోని యునైటెడ్ మెథడిస్టు సంఘం వరసగా ఆరేళ్లు పూర్తికాలం పనిచేసినవారికి ఏడాది దాకా సెలవు ఇచ్చే వీలు నియమావళిలో పెట్టింది.

ఇండియానాపొలిస్‌లో లిల్లీ ఎండోమెంట్ అనే ధర్మసంస్థ ఉంది. పాస్టర్ల విశ్రాంతి కోసం ఏళ్ల తరబడి అది ఒక్కో సంఘానికి 50 వేల డాలర్ల దాకా సాయం ఇస్తూ వచ్చింది. అందులో 15 వేల దాకా సంఘం సొంత అవసరాలకు, అంటే పాస్టరు లేని రోజుల్లో వేరే ప్రసంగీకుల ఖర్చు వంటివాటికి వాడుకునే వీలుండేది. ఆ సాయానికి దరఖాస్తు చెయ్యాల్సింది సంఘమే, పాస్టరు సొంతంగా చెయ్యలేడు. డబ్బు సంగతి మన అంచనాలకు అందదు, వదిలేద్దాం. ఈ ఒక్క నియమం మాత్రం మనం తెచ్చుకోదగ్గది. పాస్టరు అడుక్కుని తెచ్చుకున్న సెలవుకూ సంఘం కూర్చుని నిర్ణయించిన సెలవుకూ చాలా తేడా ఉంటుంది. మొదటి రకంలో ఆయన దొంగతనం చేసినట్టు వెళ్తాడు. రెండో రకంలో సంఘం సాగనంపితే వెళ్తాడు.

మన దగ్గర అడ్డుపడేవి

మొదటి అడ్డు డబ్బని అందరూ అంటారు. దానికన్నా పెద్ద అడ్డు భయం. సొంతంగా సంఘం పెట్టుకున్న పాస్టరుకు పైన డయోసీసు లేదు, బదిలీ లేదు, పింఛను లేదు. మూడు నెలలు మొహం చాటేస్తే జనం పక్క మందిరానికి అలవాటు పడిపోతారని ఆయన భయం. వచ్చిన కొత్త ప్రసంగీకుడు తనకన్నా బాగా మాట్లాడితే ఎలాగన్నది బయటికి చెప్పని ఇంకో భయం. నేను లేకపోతే ఇక్కడ ఆకు కదలదన్న నమ్మకంలో బాధ్యతతో పాటు కొంత అహం కూడా కలిసి ఉంటుంది. మోషే కూడా పొద్దున్నుంచి రాత్రి దాకా జనం తగువులు ఒక్కడే తీర్చేవాడు. ఇట్లా అయితే నువ్వూ నలుగుతావు, జనమూ నలుగుతారని చెప్పి పని పంచిపెట్టించింది ఆయన మామ యిత్రో. బయటి నుంచి వచ్చిన పెద్దమనిషికి కనిపించింది లోపలున్నవాళ్లకు కనిపించలేదు.

సంఘం వైపూ ఒక అడ్డుంది. సేవకుడంటే ఎప్పుడు పిలిచినా రావాలని మనకు అలవాటైపోయింది. విశ్రాంతి అనగానే సోమరితనం గుర్తొస్తుంది. పాస్టరమ్మ సంగతి ఇంకా కష్టం. జీతం లేకుండా, పదవి లేకుండా ఆయనతో సమానంగా పనిచేసే ఆమెను ఏ లెక్కలోనూ రాయరు. సెలవంటూ ఇస్తే అది ఇద్దరికీ ఇవ్వాలి.

నెక్కొండ కొలతలో ఒక సెలవు

మన చిన్న సంఘానికి సరిపోయేలా దీన్ని కుట్టుకోవచ్చా? లెక్క వేసి చూద్దాం. నలభై కుటుంబాల సంఘం అనుకుందాం. ఇంటికి నెలకు యాభై రూపాయలు విడిగా ఒక పెట్టెలో వేస్తే నెలకు 2,000. మూడేళ్లకు 72,000. పాస్టరు సెలవులో ఉన్న పన్నెండు ఆదివారాలకు వచ్చే అతిథి ప్రసంగీకుడికి దారిఖర్చు, కానుక కలిపి వారానికి 2,000 చొప్పున 24,000 పోగా 48,000 మిగులుతాయి. ఆయన నెలవారీ భత్యం ఎప్పటిలాగే సాగాలి. మిగిలిన డబ్బు ప్రయాణానికి, బసకు, పుస్తకాలకు. ఇది ఉదాహరణ మాత్రమే. ఆరో ఏటి పంట అంటే ఇదేనని చెప్పడానికి వేసిన లెక్క. మొదటిసారి మూడు నెలలు మరీ ఎక్కువనిపిస్తే ఆరు వారాలతో మొదలుపెట్టవచ్చు.

ఎప్పుడు? నవంబరు చివర నుంచి క్రిస్మస్ హడావిడి. జనవరి, ఫిబ్రవరిలో సువార్త మహాసభలు. తర్వాత శ్రమకాల ధ్యానాలు, ఈస్టరు. మే నెల పెళ్లిళ్లు, పిల్లల వి.బి.ఎస్. (సెలవుల బైబిలు బడి). కాస్త తెరిపి దొరికేది జూన్‌లో. మిరుగు పొడిచి రెండు వానలు పడితే సంఘమంతా పత్తి గింజలు పెట్టడంలో, మక్కలు వెయ్యడంలో, నార్లు పోయడంలో మునిగి ఉంటుంది. ఊరు విత్తే కాలంలో అయ్యగారు పడావు పడటమే మేలు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. వానాకాలం జ్వరాల కాలం. కాబట్టి పరామర్శల ఏర్పాటు గట్టిగా ఉండాలి.

ఎవరు మోస్తారు? నాట్లప్పుడు ఒకరి పొలానికి ఒకరు బదులు పోతారు కదా. పాస్టర్లూ అదే చెయ్యవచ్చు. చెన్నారావుపేట వైపో, కేసముద్రం వైపో ఉన్న ఇద్దరు పాస్టర్లతో ముందే మాట్లాడుకోవాలి. ఈ ఏడు నా సంఘంలో భూస్థాపనలు, బల్ల ఆరాధన మీరు చూడండి, వచ్చే ఏడు మీ సంఘంలో నేను చూస్తాను. గృహకూటాలు సంఘ పెద్దలు, ఆస్పత్రి పరామర్శలు స్త్రీల సమాజం, సండే స్కూల్ యవ్వనస్తులు పంచుకుంటారు. ఎవరి పని ఏమిటో ఒక కాగితం మీద రాసి, ఫోన్ నంబర్లతో సహా చర్చి తలుపుకు అంటించాలి. కాజీపేట లాంటి జంక్షన్‌లో రైలు డ్రైవరు దిగిపోతే ప్రయాణికులు గాభరా పడరు. ఇంకొకరు ఎక్కుతారని తెలుసు. తెలిసి ఉండటమే అసలు ఏర్పాటు.

ఫోన్ విషయం ముందే తేల్చుకోవాలి. సెలవులో ఉన్న పాస్టరు ఫోన్ మోగుతూ ఉంటే అది సెలవు కాదు, దూరం నుంచి చేసే ఉద్యోగం. ఒక్క పెద్దమనిషికి మాత్రం పాస్టరు కొత్త నంబరు తెలిసి ఉండాలి, ఏది నిజంగా చెప్పాల్సిన సంగతో తూచేది ఆ పెద్దమనిషే.

ఆ రోజుల్లో ఏం చెయ్యాలి

మొదటి పది రోజులు ఏమీ చెయ్యకూడదు. తినాలి, పడుకోవాలి. ఆ తర్వాత చాలామందికి అలవాటు లేని మౌనం మొదలవుతుంది. మన సంప్రదాయంలోనే దీనికి దారి ఉంది. 1938లో బైబిలు మిషన్ ఆరంభించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు సన్నిధి అనే అలవాటును నేర్పారు. దేవుని ఎదుట మాటలు తగ్గించి కూర్చుని కనిపెట్టడం అది. కనిపెట్టడమన్న మాట చూడండి. లోకం వాడుకలో దానికి కొత్తదాన్ని కనుగొనడమని అర్థం, విశ్వాసుల వాడుకలో ఎదురుచూడటమని అర్థం. ఈ సెలవులో ఆ రెండర్థాలూ అవసరం పడతాయి. ఎదురుచూసిన మనిషికే ఏదో ఒకటి కనబడుతుంది.

కాస్త కుదురుకున్నాక ప్రసంగం కోసం కాకుండా చదవడం, పిల్లలను రోజూ బడికి తీసుకెళ్లడం, భార్యతో కలిసి పుట్టింటికి వెళ్లి తీరుబడిగా ఉండటం, తనకు పాఠం చెప్పిన పాత అయ్యగారిని చూసి రావడం చెయ్యవచ్చు. వేరే సంఘంలో వెనక వరసలో కూర్చుని మామూలు విశ్వాసిలా ప్రసంగం వినడం మరీ మంచిది. చెయ్యకూడనిది ఒకటుంది. ఖాళీగా ఉన్నారు కదా అని ఎవరో పిలిస్తే మహాసభల్లో మాట్లాడటానికి ఒప్పుకోవడం. చాలా సెలవులు అక్కడే చచ్చిపోతాయి.

తిరిగి వచ్చాక మొదటి ఆదివారమే పాత వేగం అందుకోకూడదు. సంఘం ముందు కూర్చుని తాను ఏం నేర్చుకున్నదీ చెప్పాలి. సంఘం కూడా తాను ఏం నేర్చుకున్నదీ ఆయనకు చెప్పాలి. ఆ మూడు నెలల్లో ప్రార్థన నడపడం నేర్చుకున్న పెద్దయ్యను, రోగుల దగ్గర కూర్చోవడం అలవాటైన అమ్మలను మళ్లీ ఇంటికి పంపెయ్యకూడదు. ఆ పనులు వాళ్ల దగ్గరే ఉండాలి. లేకపోతే ఆరు నెలల్లో అయ్యగారు మళ్లీ మొదటి స్థితికే వస్తారు.

సంఘాన్ని మంద అనీ పాస్టరును కాపరి అనీ అనడం మనకు అలవాటు. మేపేది ఎప్పుడూ కాపరి, మేసేది ఎప్పుడూ మంద అని ఆ పోలికను ఒక్క వైపు నుంచే చూస్తాం. పడావు చేనులో గొర్లను పండుకోబెట్టిన రైతుకు ఇంకో వైపు తెలుసు. మంద కూడా నేలకు బలం ఇస్తుంది. మొదట చూసిన ఆ ఆదివారం రాత్రి పది గంటలకు అయ్యగారు మనుమడికి ప్రార్థన చేసి తిరిగి వస్తుంటే పెద్దయ్య బండి దాకా వచ్చి అడగగలిగే మాట ఒకటుంది:

“అయ్యగారూ, మీరొచ్చి ఎన్నేండ్లాయె?”

“తొమ్మిది.”

“మరి ఇన్నేండ్లల్ల మీరు పడావు పడ్డది ఎప్పుడు?”

సబ్బాటికల్ అనే మాట నోరు తిరక్కపోయినా ఫరవాలేదు. వచ్చే ఆదివారం సంఘం లెక్కల పుస్తకంలో ఆ ప్రశ్న కింద మొదటి యాభై రూపాయలు రాస్తే చాలు.